చదువవచ్చునా? చదివించవచ్చునా? బోధించవచ్చునా?
తొలి క్రైస్తవ సంఘము అప్రామాణిక గ్రంథములను వాడిన తీరు

పరిచయము

పేతురు తలక్రిందులుగా సిలువ వేయబడి హతసాక్షి అయ్యాడని మన ప్రసంగములలో తరచుగా వింటాము. హెబ్రీ 11:37 వివరించేటప్పుడు యెషయాను రంపముతో కోశారని చెబుతాము. క్రిస్మస్ నాటికలో పశువుల తొట్టి ప్రక్కన ఎద్దును, గాడిదను నిలబెడతాము. అపొస్తలుడైన తోమా మన దేశములో ఈటెపోట్లకు ప్రాణము విడిచాడని చెప్పుకుంటాము. ఈ నాలుగు సంగతులలో ఒక్కటి కూడా మన చేతిలోని 66 గ్రంథములలో వ్రాయబడి లేదు. మొదటి సంగతి క్రీ.శ. 2వ శతాబ్దపు ‘పేతురు కార్యములు’ అనే గ్రంథములో ఉంది. రెండవది ‘యెషయా ఆరోహణము’లో ఉంది. మూడవది యెషయా 1:3 ఆధారముగా అల్లబడి, చాలా కాలము తరువాత మత్తయి పేరు తగిలించుకొన్న ఒక బాల్య సువార్తలోనికి వచ్చింది. నాలుగవది 3వ శతాబ్దపు ‘తోమా కార్యములు’లోనిది.

అయితే అదే కాపరి దగ్గరకు ఒక యౌవనస్థుడు వచ్చి, “అయ్యగారూ, యూదా పత్రిక హనోకు మాటలు ఎత్తి చెప్పింది కదా, మరి హనోకు గ్రంథము మన బైబిలులో ఎందుకు లేదు? దానిని చదువవచ్చునా?” అని అడిగితే, “అవన్నీ మనకు వద్దు, ముట్టుకోకు” అని పంపివేయడము జరుగుతుంది. తెలియకుండా వాడుకొంటున్నవాటిని తెలిసి అడిగినవానికి నిషేధించడము న్యాయమైన జవాబు కాదు. ఈ గ్రంథముల అనువాదములు నేడు ఫోనులోనే దొరుకుతున్నాయి గనుక ఆ జవాబు పనిచేయదు కూడా.

దీనికి ఎదురుగా మరొక తప్పు అభిప్రాయము ప్రచారములో ఉంది. తొలి క్రైస్తవులందరూ ఈ గ్రంథములను లేఖనములుగానే చదివేవారనీ, క్రీ.శ. 325లో నీకేయ మహాసభ కూర్చొని వాటిని తొలగించినదనీ కొందరు చెబుతారు. నీకేయ సభ చేసిన 20 నియమములలో లేఖనముల పట్టికను గూర్చిన నియమము ఒక్కటి కూడా లేదు. తొలి సంఘములో నిజముగా జరిగినదేమిటో కొన్ని ఉదాహరణలద్వారా పరిశీలించడమే ఈ వ్యాసము ఉద్దేశము.

పదముల వివరణ

‘అపొక్రిఫా’ అనే గ్రీకు మాటకు ‘మరుగు చేయబడినవి’ అని అర్థము. నేడు ఈ మాటను మూడు రకముల గ్రంథములకు కలిపి వాడడమువలన గందరగోళము కలుగుతోంది. మొదటి రకము తోబీతు, యూదితు, మక్కబీయులు, సీరాకు మొదలైనవి. ఇవి గ్రీకు పాత నిబంధనతో కలిసి వచ్చాయి. కథోలిక సంఘము, తూర్పు సంఘములు వీటిని అంగీకరిస్తాయి గనుక కథోలికుల తెలుగు బైబిలులో ఇవి ఉన్నాయి. రెండవ రకము హనోకు గ్రంథము, మోషే ఆరోహణము వంటి యూదుల రచనలు. మూడవ రకము పేతురు సువార్త, పౌలు కార్యములు, హెర్మాసు వ్రాసిన ‘కాపరి’ వంటి క్రైస్తవ రచనలు. ఈ వ్యాసములో ముఖ్యముగా రెండవ, మూడవ రకములనే చూస్తాము.

ఇంకొక తేడాను కూడా మొదటే గుర్తించాలి. ఒక గ్రంథమును విశ్వాసి తనంతట తాను చదువుకొనడము ఒక సంగతి. ఆదివారపు ఆరాధనలో దానిని సంఘమునకు చదివి వినిపించడము మరొకటి. దానిని ఆధారము చేసికొని సిద్ధాంతమును స్థాపించడము ఇంకొకటి. ఈ మూడింటిని మనము ఒకే ప్రశ్నగా అడుగుతున్నాము. తొలి సంఘ పితరులు క్రమక్రమముగా వీటిని వేరు చేయడము నేర్చుకొన్నారు.

1. యూదా పత్రిక, హనోకు గ్రంథము

యూదా తన పత్రిక 14, 15 వచనములలో, ఆదాము మొదలు ఏడవ తరమువాడైన హనోకు ప్రవచించాడంటూ, ప్రభువు వేవేల పరిశుద్ధుల పరివారముతో తీర్పు తీర్చుటకు వచ్చుటను గూర్చిన మాటలు చెప్పాడు. ఈ మాటలు హనోకు గ్రంథము 1వ అధ్యాయము 9వ వచనములో ఉన్నాయి. 9వ వచనములో మోషే శరీరమును గూర్చి మిఖాయేలు అపవాదితో వాదించిన సంగతి కూడా పాత నిబంధనలో లేదు. అది ‘మోషే ఆరోహణము’ అనే గ్రంథములోనిదని 3వ శతాబ్దములోనే ఓరిగెన్ వ్రాశాడు.

యూదా పత్రికే హనోకు గ్రంథమునకు మూలమేమో, తరువాతి క్రైస్తవుడెవడో దానిని కల్పించాడేమో అని అనుకొనడానికి వీలు లేదు. మృతసముద్రము దగ్గర కుమ్రాను 4వ గుహలో హనోకు గ్రంథపు అరామయిక వ్రాతప్రతుల ముక్కలు దొరికాయి. వాటిని జె. టి. మిలిక్ 1976లో ప్రచురించాడు. యూదా ఎత్తి చెప్పిన వచనపు భాగము కూడా ఆ ముక్కలలో ఉంది. గ్రంథములోని అతి ప్రాచీన భాగములు క్రీస్తుకు పూర్వము 3వ శతాబ్దము నాటివని పండితులు భావిస్తారు. అయితే 37 నుండి 71 వరకు ఉన్న అధ్యాయములు కుమ్రానులో దొరకలేదు. పూర్తి గ్రంథము ఇథియోపియా సంఘపు గీజు భాషలోనే నిలిచింది. ఆ సంఘము నేటికీ దానిని లేఖనములలో చేర్చి చదువుతుంది. జేమ్స్ బ్రూస్ అనే యాత్రికుడు 1773లో దాని ప్రతులను ఐరోపాకు తెచ్చాడు.

యూదా ఉదహరించిన ఈ మాటలను తొలి సంఘము ఎట్లు అర్థము చేసికొన్నది? జవాబు ఒక్కటిగా లేదు. ‘బర్నబా పత్రిక’ హనోకు పేరిట వచ్చిన మాటలను లేఖనముగా చూపింది. క్రీ.శ. 200 ప్రాంతములో కార్తేజీలో టెర్టూలియన్ స్త్రీల అలంకారమును గూర్చి వ్రాస్తూ హనోకు గ్రంథమును ఆధారము చేసికొన్నాడు. కొందరు దానిని అంగీకరించుట లేదని ఆయనకు తెలుసు. జలప్రళయమునకు ముందు వ్రాసిన పుస్తకము ఎట్లు మిగిలినదని వారి ఆక్షేపణ. నోవహు హనోకు మునిమనుమడు గనుక ఇంటిలో విన్న మాటలను జ్ఞాపకము ఉంచుకొని యుంటాడు, లేదా ఆత్మ ప్రేరణవలన దానిని తిరిగి వ్రాసి యుంటాడు అని టెర్టూలియన్ జవాబిచ్చాడు. చివరికి యూదా సాక్ష్యమును చూపించాడు.

ఓరిగెన్ అంత దూరము వెళ్లలేదు. క్రైస్తవులను విమర్శించిన కెల్సస్‌కు జవాబు వ్రాస్తూ, హనోకు పేరిటి గ్రంథములను సంఘములు సాధారణముగా దైవ గ్రంథములుగా ఎంచుట లేదని స్పష్టము చేశాడు. అగస్టీన్ ‘దేవుని పట్టణము’లో ఇంకొక మెట్టు వివరించాడు: యూదా చెప్పాడు గనుక హనోకు కొన్ని దైవ సంగతులు వ్రాశాడని కాదనలేము, కానీ ఆ పేరుతో చేతులు మారుతూ వచ్చిన పుస్తకము నిజముగా ఆయనదేనని అంత ప్రాచీనకాలపు సంగతిలో నిశ్చయించలేము.

ఇక్కడ మనము సాధారణముగా గమనించని విషయము ఒకటి ఉంది. హనోకు గ్రంథమును ఎత్తి చెప్పినందువలన హనోకు గ్రంథము లేఖనము కాలేదు సరికదా, యూదా పత్రికే ప్రమాదములో పడింది. ఆ ఉదాహరణ కారణముగా చాలామంది యూదా పత్రికను తిరస్కరిస్తున్నారనీ, అయినా ప్రాచీనతవలన, వాడుకవలన అది అధికారము సంపాదించుకొన్నదనీ జెరోము తన ‘ప్రసిద్ధ పురుషులు’ అనే గ్రంథములో వ్రాశాడు.

ఈ చిక్కుకు జెరోమే తీతు పత్రిక వ్యాఖ్యానములో పరిష్కారము చూపించాడు. పౌలు అరేయొపగులో అరాటు అనే గ్రీకు కవి మాటను వాడాడు (అపొ. కార్య. 17:28). 1 కొరింథీయులకు 15:33లోని సామెత మెనాండరు నాటకములోనిది. తీతు 1:12లో క్రేతీయుల మాటను తెచ్చి, అది చెప్పినవానిని ప్రవక్త అని కూడా అన్నాడు. అంతమాత్రమున ఆ కవుల కావ్యములన్నీ సత్యమని పౌలు సాక్ష్యమివ్వలేదు. ఒక భాగమును వాడినవాడు గ్రంథమంతటిని అంగీకరించాలంటే హనోకు గ్రంథమును కూడా లేఖనములలో చేర్చవలసి వస్తుందని జెరోము హెచ్చరించాడు. యౌవనస్థుని ప్రశ్నకు ఇదే సూటియైన జవాబు. ఒక వాక్యము సత్యమని చెప్పడము ఆ పుస్తకమంతా ప్రేరేపితమని చెప్పడము కాదు.

2. ‘కాపరి’ – సంఘములో చదివించే పుస్తకము

2వ శతాబ్దములో రోమా పట్టణమందు హెర్మాసు అనే విశ్వాసి వ్రాసిన ‘కాపరి’ తొలి సంఘమునకు ఎంతో ప్రియమైన పుస్తకము. దర్శనములు, ఆజ్ఞలు, ఉపమానములు అనే మూడు భాగములు దానిలో ఉన్నాయి. బాప్తిస్మము పొందిన తరువాత పాపములో పడినవానికి మారుమనస్సు దొరుకునా అనేది దాని ప్రధాన ప్రశ్న. హింసల కాలములో తడబడినవారు ప్రతి సంఘములో ఉన్నారు గనుక ఈ ప్రశ్న పుస్తకముల గదిలో పుట్టినది కాదు, కాపరి ముందు కన్నీళ్లతో నిలిచినవారిది. ఐరేనియస్ దేవుడు ఒక్కడే అని చెప్పేటప్పుడు ఈ గ్రంథములోని మొదటి ఆజ్ఞను లేఖనము అనే మాటతో ప్రస్తావించాడు. 4వ శతాబ్దపు సీనాయి ప్రతిలో క్రొత్త నిబంధన ముగిసిన తరువాత బర్నబా పత్రిక, ‘కాపరి’ కలిపి వ్రాయబడ్డాయి. 5వ శతాబ్దపు అలెగ్జాండ్రియా ప్రతిలో క్లెమెంతు పేరిటి రెండు పత్రికలు చేర్చబడ్డాయి.

అయితే ఈ ప్రేమకు హద్దు పెట్టినవారు కూడా ఉన్నారు. ఇటలీ దేశపు పండితుడు మురతోరి 1740లో ప్రచురించిన ఒక లాటిను పట్టిక ఉంది. అది 2వ శతాబ్దపు చివరిదని అనేకులు, 4వ శతాబ్దపుదని కొందరు అంటారు. హెర్మాసు తన సహోదరుడైన పయస్ రోమాలో అధ్యక్షుడుగా ఉండగా ఇటీవలనే దీనిని వ్రాశాడు గనుక దీనిని చదువవలసినదే, కానీ ప్రవక్తలతోను అపొస్తలులతోను చేర్చి సంఘములో ప్రజలకు బహిరంగముగా వినిపించకూడదు అని ఆ పట్టిక చెబుతుంది. పుస్తకము చెడ్డదని పట్టిక అనలేదు. అపొస్తలుల కాలము ముగిసిన తరువాత వ్రాయబడినది అని మాత్రమే అన్నది. మంచి పుస్తకమునకు, లేఖనమునకు మధ్య గీత గీసిన తొలి సాక్ష్యములలో ఇది ఒకటి.

టెర్టూలియన్ జీవితములో ఇదే పుస్తకము రెండు విధములుగా కనబడుతుంది. ప్రార్థనను గూర్చి వ్రాసినప్పుడు ఆయన దానిని తొందరపడి నిందించలేదు. తరువాత మొంటానస్ అనుచరులతో చేరి, వ్యభిచార పాపమునకు సంఘము క్షమాపణ ప్రకటించకూడదని వాదించినప్పుడు, అదే పుస్తకము వ్యభిచారులను వెనకేసుకొని వస్తుందని ఎగతాళి చేశాడు. సభలు దానిని తిరస్కరించాయని కూడా అన్నాడు. పుస్తకము మారలేదు, చదివినవాని వైఖరి మారింది. ఒక గ్రంథము మన వాదమునకు అనుకూలమా, ప్రతికూలమా అనే దానినిబట్టి దాని అధికారమును తూచడము ఎంత సులువో ఇది చూపుతుంది. ఇదే మనిషి హనోకు విషయములో ఎటు నిలిచాడో పైన చూశాము.

ఆరాధనలో చదివిన ప్రతిదీ లేఖనమే అనుకోవడము కూడా పొరపాటు. క్రీ.శ. 170 ప్రాంతములో కొరింథు అధ్యక్షుడైన దియొనూసి రోమా సంఘమునకు ఉత్తరము వ్రాస్తూ, వారు పంపిన పత్రికను ప్రభువు దినమున చదువుకొన్నామనీ, పూర్వము క్లెమెంతు వ్రాసిన పత్రికవలె దానిని కూడా బుద్ధి కొరకు చదువుతూ ఉంటామనీ తెలియజేశాడు. ఒక సంఘము మరొక సంఘపు ఉత్తరమును ప్రేమతో చదువుకొన్నది. అంతే.

3. సెరాపియోను, రోస్సు సంఘము

ఈ విషయములో కాపరులకు అన్నిటికంటె ఉపయోగకరమైన ఉదాహరణ అంతియొకయ అధ్యక్షుడైన సెరాపియోను. ఆయన 2వ శతాబ్దపు చివర, 3వ శతాబ్దపు మొదట సేవ చేశాడు. ఆయన ఉత్తరములోని భాగమును యూసేబియస్ తన ‘సంఘ చరిత్ర’ 6వ పుస్తకము 12వ అధ్యాయములో భద్రపరచాడు.

కిలికియ తీరమున రోస్సు అనే ఊరు ఉండేది. సెరాపియోను అక్కడి సంఘమును దర్శించినప్పుడు, పేతురు పేరుతో ఉన్న ఒక సువార్తను గూర్చి సభ్యుల మధ్య గొడవ జరుగుతోంది. అందరూ సరియైన విశ్వాసములో ఉన్నారని తలంచి, ఆ పుస్తకమును తాను పూర్తిగా చదువకుండానే, మీ మధ్య మనస్తాపమునకు ఇదొక్కటే కారణమైతే దానిని చదువుకొనండి అని అనుమతి ఇచ్చి వెళ్లిపోయాడు. సమాధానము కోరే ఏ కాపరి అయినా చేసే పనే ఇది.

తరువాత ఆయనకు వేరే సమాచారము అందింది. ఆ పుస్తకమును ముందుకు తెచ్చినవారి మనస్సు దుర్బోధవైపు తిరిగి ఉన్నదని తెలిసింది. క్రీస్తు నిజమైన శరీరము ధరించలేదు, ధరించినట్లు కనబడ్డాడు అని బోధించే డోసెటిస్టుల దగ్గరనుండి ఆ సువార్త వచ్చింది. అప్పుడు సెరాపియోను నాలుగు పనులు చేశాడు. ఆ పుస్తకమును వాడేవారి దగ్గరనుండే ఒక ప్రతి సంపాదించాడు. దానిని శ్రద్ధగా చదివాడు. ఎక్కువ భాగము రక్షకుని సరియైన బోధకు అనుగుణముగా ఉందనీ, కొన్ని సంగతులు మాత్రము అదనముగా చేర్చబడ్డాయనీ ఒప్పుకొని, ఆ చేర్పుల పట్టికను సంఘమునకు వ్రాసి పంపాడు. త్వరలో మరల వస్తానని మాట ఇచ్చాడు. మొదట తాను చదువకుండా అనుమతించిన సంగతిని అదే ఉత్తరములో దాచకుండా వ్రాశాడు.

ఆయన చూపిన కొలబద్ద కూడా ముఖ్యము. పేతురును, తక్కిన అపొస్తలులను మేము క్రీస్తునువలె చేర్చుకొంటాము. కానీ వారి పేర్లు అబద్ధముగా పెట్టుకొన్న వ్రాతలను, అట్టివి పితరులనుండి మాకు అప్పగింపబడలేదని ఎరిగి త్రోసివేస్తాము అన్నది ఆయన మాటల సారాంశము. పుస్తకము మీది పేరు చాలదు. అపొస్తలులనుండి సంఘమునకు అందుతూ వచ్చినదా అని చూడాలి, అందులోని బోధ అందిన విశ్వాసముతో సరిపోవునా అని చూడాలి.

ఆ సువార్త శతాబ్దముల తరబడి కనబడకుండా పోయింది. 1886-87 శీతకాలములో ఎగువ ఐగుప్తులోని అఖ్మీములో ఫ్రెంచి పురావస్తు బృందము ఒక సమాధిలో తోలు కాగితముల పుస్తకమును కనుగొన్నది. అందులో ఒక సువార్త ముక్క ఉంది. కథ చెప్పేవాడు తాను సీమోను పేతురునని చెప్పుకొంటాడు. ఇది సెరాపియోను చదివిన గ్రంథమేనని పండితులలో ఎక్కువమంది అంగీకరిస్తారు. పిలాతు దోషమును తగ్గించి, హేరోదు మీద, యూదుల మీద మోపుతుంది. సిలువమీద ప్రభువు నొప్పి లేనివానివలె మౌనముగా ఉన్నట్లు చెబుతుంది. సమాధిలోనుండి సిలువ వెంటనడచి వచ్చి మాటకు బదులిచ్చినట్లు వర్ణిస్తుంది. ఆ నొప్పి లేని మౌనము నిజముగా డోసెటిస్టుల బోధయేనా అనే విషయములో పండితుల మధ్య భేదాభిప్రాయములున్నాయి. ఎక్కువ భాగము మంచిదే అని సెరాపియోను ఎందుకన్నాడో ఆ ముక్కను చదివినవారికి అర్థమవుతుంది. అదే పుస్తకములో పేతురు ప్రకటన, హనోకు గ్రంథపు గ్రీకు భాగము కూడా ఉండడము గమనించదగినది. సంఘము పట్టికలు స్థిరపడిన తరువాత కూడా ఈ మూడింటిని కలిపి ఎవరో వ్రాయించుకొన్నారు.

4. ప్రేమతో కల్పించినా కల్పనయే

టెర్టూలియన్ బాప్తిస్మమును గూర్చి వ్రాసిన గ్రంథములో మరొక సంఘటనను చెబుతాడు. ఆసియలో ఒక పెద్ద పౌలు పేరిట తెక్ల కథతో కూడిన గ్రంథమును కూర్చాడు. తప్పు బయటపడినప్పుడు, పౌలు మీది ప్రేమతో చేశానని ఒప్పుకొని తన పదవిని విడిచాడు. తెక్ల ఉదాహరణను చూపి స్త్రీలు బోధించవచ్చు, బాప్తిస్మమివ్వవచ్చు అని వాదించేవారికి ఎదురుగా టెర్టూలియన్ దీనిని తెచ్చాడు. ఆ వాదములో మన అభిప్రాయము ఏదైనప్పటికీ, ఇక్కడ గమనించవలసినది వేరు. ఆ పెద్ద దుర్బోధకుడని ఎవరూ అనలేదు. ఉద్దేశము మంచిదే. అయినా అపొస్తలుడు చెప్పని మాటలను అపొస్తలుని నోట పెట్టడము సంఘమునకు సమ్మతము కాలేదు.

అయినా ఆ కథను సంఘము మరువలేదు. క్రీ.శ. 384లో ఎగేరియా అనే యాత్రికురాలు సెలూకియలోని తెక్ల ఆలయమును దర్శించి, అక్కడ ఆమె కార్యములను పూర్తిగా చదువుకొన్నది. హతసాక్షుల జ్ఞాపకముగా చదివే స్థలము ఒకటి, సిద్ధాంతమును నిర్ణయించే స్థలము ఒకటి అని ఆ కాలపు వాడుక తెలుపుతుంది.

మన దేశమునకు సంబంధించిన ‘తోమా కార్యములు’ విషయము కూడా ఇటువంటిదే. సిరియ భాష మాటలాడే ప్రాంతములో 3వ శతాబ్దమున పుట్టిన ఆ గ్రంథము గొండఫరు అనే రాజు పేరు చెబుతుంది. 19వ శతాబ్దములో వాయవ్య భారతములో దొరికిన నాణెములు ఆ పేరుగల రాజు నిజముగా ఏలినట్లు చూపాయి. కాబట్టి గ్రంథములో చారిత్రక జ్ఞాపకము లేదని కొట్టివేయలేము. మరొకవైపు, వివాహ జీవితమునే పాపముగా చూపే బోధ దానిలో నిండి ఉంది. మానీ అనుచరులు దానిని ఆదరించిన సంగతి అగస్టీన్ వ్రాశాడు. రాజు పేరు నిజమైనందువలన బోధ నిజము కాదు. బోధ తప్పైనందువలన జ్ఞాపకమంతా అబద్ధము కాదు. కేరళ, మైలాపూరు సంప్రదాయములను అధ్యయనము చేసే విద్యార్థి ఈ రెండింటిని వేరుగా పరిశోధించాలి.

5. పట్టికలు స్థిరపడుట

4వ శతాబ్దము మొదటి భాగములో యూసేబియస్ గ్రంథములను వర్గములుగా విభజించాడు. అందరూ అంగీకరించినవి, కొందరు సందేహించినవి, కల్పితములని ఎంచబడినవి, పూర్తిగా త్రోసివేయవలసినవి. సందేహింపబడినవాటిలో యాకోబు, యూదా, 2 పేతురు, 2, 3 యోహాను ఉన్నాయి. పౌలు కార్యములు, ‘కాపరి’, బర్నబా పత్రిక, దిదకే కల్పితముల వర్గములో ఉన్నాయి. పేతురు, తోమా పేరిటి సువార్తలను దుర్బోధకులవని చివరి వర్గములో పెట్టాడు.

క్రీ.శ. 367లో అలెగ్జాండ్రియా అధ్యక్షుడైన అథనాసియస్ తన 39వ పండుగ పత్రికలో నేటి 27 క్రొత్త నిబంధన గ్రంథములను పేర్కొన్నాడు. మనలో చాలామంది అక్కడితో ఆగిపోతాము. ఆయన ఇంకా చెప్పినది ఉంది. సొలొమోను జ్ఞానము, సీరాకు, ఎస్తేరు, యూదితు, తోబీతు, దిదకే, ‘కాపరి’ అనేవి పట్టికలో చేరినవి కావనీ, అయినా క్రొత్తగా సంఘములోనికి వచ్చి భక్తి నేర్చుకొనగోరేవారు చదువుటకు పితరులు వీటిని నియమించారనీ వ్రాశాడు. మూడవదిగా దుర్బోధకులు కల్పించిన మరుగు గ్రంథములను నిరాకరించాడు. ఎస్తేరు గ్రంథము అక్కడ రెండవ వరుసలో ఉండడము మనకు ఆశ్చర్యము కలిగించవచ్చు. పట్టిక ఒక్క దినములో దిగి రాలేదని అది జ్ఞాపకము చేస్తుంది.

5వ శతాబ్దపు ఆరంభములో రూఫినస్ ఈ నడిమి వరుసకు ‘సంఘ గ్రంథములు’ అని పేరు పెట్టాడు. వాటిని సంఘములో చదువవచ్చు గాని విశ్వాసమును స్థిరపరచుటకు వాటినుండి ప్రమాణము తీసుకోకూడదు అన్నాడు. మనము మొదట చెప్పిన మూడు ప్రశ్నలు ఇక్కడ స్పష్టముగా విడిపోయాయి.

ముగింపు

తొలి సంఘము ఈ గ్రంథములకు భయపడలేదు, వాటికి లొంగిపోలేదు. చదివింది, వాడుకొన్నది, కొన్ని సార్లు పొరపాటు పడి దిద్దుకొన్నది. నేటి కాపరికి దీనివలన మూడు సంగతులు అన్వయించుకోవచ్చు.

మొదటిది, పులిపిటమీద నిజాయితీ. పేతురు తలక్రిందులుగా మరణించిన సంగతిని చెప్పడము తప్పు కాదు. కానీ ‘సంఘ సంప్రదాయము ప్రకారము’ అనే రెండు మూడు మాటలు దాని ముందు చేర్చాలి. లేఖనమునకు, సంప్రదాయమునకు మధ్య తేడా సంఘమునకు తెలిసేది ఇట్లే.

రెండవది, తెలియని పుస్తకమును గూర్చి తీర్పు చెప్పకపోవడము. సెరాపియోను చదువకుండా అనుమతించి తప్పు చేశాడు. చదువకుండా నిషేధించడము కూడా అదే రకపు తప్పు. హనోకు గ్రంథమును గూర్చి అడిగిన యౌవనస్థునితో కూర్చొని మొదటి అధ్యాయమును, యూదా పత్రికను ప్రక్కప్రక్కన పెట్టి చదివే కాపరి ఆ యౌవనస్థుని నమ్మకమును సంపాదిస్తాడు.

మూడవది, సిద్ధాంతము విషయములో గట్టిగా నిలబడడము. దూతల పేర్లు, పరలోకపు అంతస్తులు, యేసు బాల్యములోని అద్భుతములు అంటూ క్రొత్త బోధ ఎవరైనా తెస్తే, ఇది అపొస్తలులనుండి మనకు అప్పగింపబడినదా అని అడగాలి. రోస్సు సంఘమునకు సెరాపియోను అడిగిన ప్రశ్న అదే. ఆ ప్రశ్నతోపాటు మరల వస్తానని ఆయన చేసిన వాగ్దానమును కూడా మనము మరువకూడదు. ఉత్తరము వ్రాసి ఊరుకొనక, గొడవపడుతున్న సంఘము మధ్యకు తిరిగి వెళ్లడానికి సిద్ధపడిన కాపరి ఆయన.